గుర్రం నోట్లో చూడొద్దన్నది ఒకటి, గుర్రం నోట విన్నది ఇంకొకటి

"ఐ హర్డ్ ఇట్ ఫ్రమ్ ది గిఫ్టెడ్ హార్సెస్ మౌత్." ఇలాంటి ఇంగ్లీషు వాక్యం ఏ వాట్సాప్ గ్రూపులోనో ఆఫీసు మెయిల్లోనో మీకూ తగిలే ఉంటుంది. రాసినాయన ఉద్దేశం తేలిగ్గానే అర్థమవుతుంది: ఈ కబురు ఎవరో అనుకుంటుంటే విన్నది కాదు, అసలు మనిషే చెప్పాడు అని. కానీ వాక్యం బయటికొచ్చేసరికి రెండు జాతీయాలు ఒకదాని మీద ఒకటి పడి, పైగా 'గిఫ్టెడ్' అనడంతో మంచి ప్రతిభ ఉన్న గుర్రమేదో నోరు తెరిచి ఈయనకి కబురు చెప్పినట్టు తయారైంది.

ఇంగ్లీషులో గుర్రం నోటితో ముడిపడి బాగా వాడుకలో ఉన్న మాటలు రెండు. మొదటిది 'డోంట్ లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్', అంటే ఊరికే వచ్చినదానికి వంకలు పెట్టకు. రెండోది 'స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్', అంటే సంబంధించిన మనిషి దగ్గరే నేరుగా విన్నాను. మొదటిది నోట్లోకి చూడొద్దంటుంది, రెండోది ఆ నోటి నుంచే వచ్చింది కాబట్టి నమ్మమంటుంది. గుర్రం ఒకటేలా కనిపిస్తుంది గానీ మొదటి గుర్రం సంతలోది, రెండోది రేసుకోర్సులోది. వీటిని కలిపేసి చెప్పే వివరణలు నెట్‌లో బోలెడున్నాయి, సగం గందరగోళం వాటివల్లే.

ముందు సంత గుర్రం సంగతి. గుర్రం నోట్లో చూసేది దాని వయసుని. ముందువైపు పైన ఆరు, కింద ఆరు కొరుకుడు పళ్ళుంటాయి. పాలపళ్ళు ఊడి శాశ్వత పళ్ళు రావడం నడిమి జతతో మొదలవుతుంది: దాదాపు రెండున్నర ఏళ్ళకి నడిమి జత, మూడున్నరకి పక్క జత, నాలుగున్నరకి చివరి జత. అయిదేళ్ళకల్లా నోరు నిండిపోతుంది. అక్కడి నుంచి అరుగుదలని బట్టి లెక్క. కింది పళ్ళ మీద కప్పులా చిన్న గుంట ఉంటుంది, గడ్డి నమిలి నమిలి పన్ను అరిగేకొద్దీ అది మాసిపోతుంది. ఆరేళ్ళకి నడిమి పళ్ళ మీద, ఏడుకి పక్కవాటి మీద, ఎనిమిదికి చివరివాటి మీద ఆ గుంట దాదాపు పోతుంది. ఎనిమిది దాటాక వయసు చెప్పడం అంత తేలిక కాదు. పదేళ్ళ ప్రాంతంలో పైవరస చివరి పన్ను మీద చిగురు దగ్గర నిలువుగా ఒక గాడి కనిపించడం మొదలై, పదిహేనేళ్ళకి సగం దాకా, ఇరవైకి పన్ను చివరి దాకా దిగుతుంది. 19వ శతాబ్దంలో ఇంగ్లాండులో పేరుపడ్డ గుర్రాల శిక్షకుడు సిడ్నీ గాల్వేన్ పేరు మీద దాన్ని గాల్వేన్ గాడి అంటారు. ఇవన్నీ ఉజ్జాయింపు లెక్కలే, మేతని బట్టి కొంచెం అటూ ఇటూ అవుతాయి.

ఇదంతా ఇంగ్లీషువాళ్ళు కనిపెట్టిన విద్యేం కాదు. 6వ శతాబ్దపు వరాహమిహిరుడు బృహత్సంహితలో గుర్రాల లక్షణాలు చెబుతూ పళ్ళని బట్టి వయసు లెక్కగట్టే పద్ధతిని ఒకే శ్లోకంలో కుదించేశాడు. తెల్లటి ఆరు పళ్ళుంటే పిల్ల, అవే కావిరంగుకి తిరిగితే రెండేళ్ళది, జతలవారీగా పళ్ళు ఊడి మొలిచేకొద్దీ మూడు, నాలుగు, అయిదు. ఆ తర్వాత మూడేసి ఏళ్ళకోసారి పంటి మీద మచ్చ రంగు మారుతుందట, నలుపు, పసుపు, తెలుపు, గాజు, తేనె, శంఖం. చివరికి పళ్ళలో గుంటలు పడటం, కదలడం, ఊడటం. రంగుల సంగతి ఎలా ఉన్నా, మూడు నుంచి అయిదేళ్ళ లెక్క మాత్రం ఇవాళ పశువైద్యులు చెప్పేదానికి బాగా దగ్గరగా ఉంది.

అంతెందుకు, సంక్రాంతికో ఊరి తిరునాళ్ళకో మన దగ్గర జరిగే ఎడ్ల బండలాగుడు పోటీల కరపత్రం చూడండి. పాలపళ్ళ విభాగం, రెండు పళ్ళ విభాగం, నాలుగు పళ్ళ విభాగం, ఆరు పళ్ళ విభాగం అని ఉంటుంది. రెండు పళ్ళంటే నోట్లో రెండే పళ్ళున్నాయని కాదు, శాశ్వత పళ్ళు ఒక జత వచ్చాయని, అంటే కోడె వయసు రెండేళ్ళు దాటిందని. ఎడ్లకి పైదవడలో ముందుపళ్ళుండవు కాబట్టి లెక్కంతా కింది ఎనిమిదింటి మీదే. వయసుకి తగ్గ విభాగంలో దిగిందో లేదో తేల్చాలంటే నోరు తెరిపించి చూడాల్సిందే. కాబట్టి ఒంగోలు గిత్తల్ని పెంచేవాళ్ళకి ఈ ఇంగ్లీషు సామెత విప్పి చెప్పక్కర్లేదు, మనలాంటివాళ్ళకే కావాలి.

ఇప్పుడు సామెతకొద్దాం. ఎవరైనా మీకు గుర్రాన్ని ఊరికే ఇచ్చారు. వాళ్ళ ముందే దాని పెదవులు విడదీసి పళ్ళు చూస్తే ఏమవుతుంది? 'ముసలిదాన్ని అంటగడుతున్నావా' అని మొహం మీదే అడిగినట్టు. అలా చేయకు అనేదే సామెత. ఇది చాలా పాతది. 4వ శతాబ్దం చివర్లో సెయింట్ జెరోమ్ లాటిన్‌లో రాసిన బైబిల్ వ్యాఖ్యానం ఒకదానికి ముందుమాటలో దీన్ని వాడాడు, వాడుతూనే 'లోకంలో సామెత ఉంది కదా' అన్నాడు, అంటే అప్పటికే జనం నోళ్ళలో నలిగిన మాటన్నమాట. ఇంగ్లీషులో 1546లో జాన్ హేవుడ్ సామెతల సంకలనంలో ఉంది, అందులో 'గిఫ్ట్ హార్స్' కాదు, 'గివెన్ హార్స్'. ఇచ్చిన గుర్రం అని. 1663లో శామ్యూల్ బట్లర్ రాసిన వ్యంగ్యకావ్యం నాటికి 'గిఫ్ట్ హార్స్' కనిపిస్తుంది. స్పానిష్‌లో, ఫ్రెంచిలో, జర్మన్‌లో, ఇటాలియన్‌లో, రష్యన్‌లో కూడా ఇదే సామెత ఇదే గుర్రంతో ఉంది. హిందీలో గుర్రం పోయి దానమిచ్చిన దూడ వచ్చింది, పళ్ళు మాత్రం అలాగే ఉన్నాయి. మన తెలుగులో జంతువే లేదు: ధర్మానికి దట్టి ఇస్తే పెరట్లోకి వెళ్ళి మూర వేసిందట. నాకైతే మనదే ఎక్కువ నచ్చుతుంది. ఇచ్చినవాళ్ళ ముందు నవ్వుతూ పుచ్చుకుని, చాటుకెళ్ళి కొలుచుకోవడంలో మనిషి బుద్ధి మొత్తం దొరికిపోయింది.

వాక్యంలో వాడేటప్పుడు మనవాళ్ళు తడబడే చోట్లు ఇక్కడ కొన్నున్నాయి. అందరికీ వచ్చే డౌటు, 'లుక్' తర్వాత 'ఎట్' ఏది? 'లుక్ ఎట్ ఎ గిఫ్ట్ హార్సెస్ మౌత్' అని సరిదిద్ది మరీ రాసేవాళ్ళున్నారు, వ్యాకరణం తెలిసినవాళ్ళే ఎక్కువగా ఇలా చేస్తారు. కానీ ఇంగ్లీషులో ఇదో ప్రత్యేకమైన అమరిక. 'లుక్ మీ ఇన్ ది ఐ' అంటాం కదా, నా కళ్ళలోకి చూసి చెప్పు అని. అక్కడ 'లుక్' పక్కనే మనిషి, ఆ తర్వాత 'ఇన్ ది', ఆ తర్వాత శరీరభాగం. గుర్రం వాక్యం అచ్చంగా అదే అచ్చు: లుక్, ఎ గిఫ్ట్ హార్స్, ఇన్ ది మౌత్. అందుకే 'ఎట్'కి చోటు లేదు, 'హార్స్' తర్వాత షష్ఠీ విభక్తి లాంటి 'స్' కూడా లేదు. ఇక 'గిఫ్టెడ్' సంగతి మొదట్లోనే చూశాం. మన ఇంగ్లీషులో 'గిఫ్టెడ్' అంటే బహుమతిగా ఇచ్చిన అనే అర్థం బాగా నడుస్తుంది, పెళ్ళికి 'గిఫ్టెడ్ ఎ ఫ్రిజ్' అంటాం, అది తప్పని అనను. కానీ ఈ జాతీయంలో అది పనికిరాదు.

ఇంకోటి, ఈ మాట దాదాపు ఎప్పుడూ వ్యతిరేకార్థంలోనే వస్తుంది. 'డోంట్', 'నెవర్', 'షుడ్ నాట్', లేదంటే 'హూ యామ్ ఐ టు లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్?' లాంటి ప్రశ్న. 'హి లుక్డ్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్ అండ్ వాజ్ హ్యాపీ' అంటే ఎవరికీ ఏమీ అర్థం కాదు. ఇంగ్లీషు మాట్లాడేవాళ్ళు నిజంగా ఎక్కువగా వాడేది మాత్రం సామెత చెప్పినట్టు నడుచుకోవడానికి కాదు, దాన్ని మీరబోతూ ముందుగా ఒక దండం పెట్టుకోవడానికి. మేనమామ తన పాత స్కూటర్ మీకిచ్చేశాడు. అప్పుడు 'ఐ డోంట్ వాంట్ టు లుక్ ఎ గిఫ్ట్ హార్స్ ఇన్ ది మౌత్, బట్ డజ్ ఇట్ స్టార్ట్?' అంటారు. పళ్ళు చూడను అంటూనే చూసేయడం. ఈ 'బట్' వాడకం పట్టుబడితే జాతీయం సగం వచ్చేసినట్టే, ఎందుకంటే సామెతని నీతివాక్యంలా ఎదుటివాడికి చెబితే ఇంగ్లీషులో కూడా కాస్త పెద్దమనిషి ధోరణిలానే వినిపిస్తుంది. మన మీద మనం వేసుకుంటే సరదాగా ఉంటుంది.

ఊరికే వచ్చినదానికే ఇది వర్తిస్తుంది. డబ్బులిచ్చి కొన్న ఫోన్ ఆగిపోతే సర్వీస్ సెంటర్ అబ్బాయి ఈ సామెత చెప్పలేడు. పండగ ఆఫర్లో ఒకటి కొంటే ఒకటి ఉచితం అన్నా అంతే, ఆ రెండోదాని ధర ఎక్కడ కలిపారో మీకూ తెలుసు, వాళ్ళకీ తెలుసు. రేషన్ బియ్యంలో నూక ఎక్కువుందని ఎవరో అడిగితే 'ఫ్రీగా ఇస్తుంటే పళ్ళు లెక్కబెడతావా' అనేవాళ్ళని చూస్తుంటాం, నా దృష్టిలో అది ఈ సామెతని తప్పుగా వాడటమే. చట్టప్రకారం రావాల్సినదాన్ని గిఫ్ట్ అనరు.

ఈ సామెతకి ట్రోజన్ హార్స్‌ని ముడిపెట్టేవాళ్ళు కూడా తక్కువేం కాదు. ట్రాయ్ నగరం వాళ్ళకి గ్రీకులు కడుపులో సైనికుల్ని దాచిన చెక్కగుర్రం వదిలివెళ్ళారు, అదీ కానుకే కదా, దాని నోట్లో చూడలేదు కాబట్టే మునిగారు, సామెత అక్కడినుంచే పుట్టిందని. ఒక్క క్షణం ఆగి ఆలోచిస్తే తేలిపోయే వాదన ఇది. ఆ కథలోంచి పుట్టుంటే సామెత 'కానుక గుర్రాన్ని తప్పకుండా చూడు' అని ఉండాలి. నిజానికి ఆ అర్థంలో వేరే మాటే ఉంది: కానుకలు తెచ్చినా గ్రీకులంటే నాకు భయమే అని రోమన్ కవి వర్జిల్ కావ్యంలో లావొకూన్ అనే పూజారి అంటాడు, ఇంగ్లీషులో 'బివేర్ ఆఫ్ గ్రీక్స్ బేరింగ్ గిఫ్ట్స్' అని వాడతారు. తెలియని నంబర్ నుంచి 'మీకు లాటరీ తగిలింది' అని లింకు వచ్చినప్పుడు గుర్తుకు రావాల్సింది ఆ మాట. అయినా ట్రాయ్ గుర్రంలో ప్రమాదం ఉన్నది కడుపులో, నోట్లో కాదు.

ఇక రేసుకోర్సు గుర్రం. 'స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' ఎలా పుట్టిందంటే చాలామంది మళ్ళీ ఆ పళ్ళ కథే చెబుతారు. అమ్మేవాడు ఎంత వయసు చెప్పినా అబద్ధం కావచ్చు, గుర్రం నోరు తెరిచి చూస్తే నిజం తెలుస్తుంది, కాబట్టి నోరే ఆధారం అని. వినడానికి బ్రహ్మాండంగా ఉంది. నాకు మాత్రం రెండు చోట్ల అడ్డం తగులుతుంది. పళ్ళు చూసి వయసు చెప్పడం వేల ఏళ్ళ విద్య, దాన్నుంచే ఈ మాట పుట్టుంటే ఏ 16వ శతాబ్దంలోనో ఎక్కడో ఒకచోట కనిపించాలి కదా. గిఫ్ట్ హార్స్ సామెత కనిపిస్తోంది, ఇది కనిపించదు. ఇది రాతల్లో కనబడేది 20వ శతాబ్దపు తొలి దశాబ్దాల నుంచి, అదీ గుర్రప్పందేల టిప్పుల సందర్భంలో. రెండో అడ్డు క్రియ. పళ్ళని చూస్తాం, వినం. ఈ జాతీయం పక్కన ఎప్పుడూ వచ్చేవి 'హర్డ్', 'గాట్', 'కేమ్' లాంటివే. పంటి నుంచి పుట్టిన మాటైతే ఎక్కడో ఒక 'సా' అన్నా మిగలాలి.

రేసుల వైపు నుంచి చూస్తే ఇది అతుకు లేకుండా కుదురుతుంది. ఏ గుర్రం గెలుస్తుందో చెప్పే టిప్పుకి విలువంతా అది ఎంత లోపలి నుంచి వచ్చిందనే దాన్ని బట్టి ఉంటుంది. పేపర్లో వచ్చిన టిప్పుకి విలువ తక్కువ, అది అందరికీ తెలుసు. గుర్రపుశాల కుర్రాడు చెప్పాడంటే కొంచెం మేలు. జాకీ చెప్పాడంటే ఇంకా మేలు, ట్రైనర్ చెప్పాడంటే ఇక చూడక్కర్లేదు. ఇన్ని మెట్లెక్కాక ఇంకొక్క మెట్టు మిగిలింది, గుర్రమే. 'నాకు గుర్రమే చెప్పింది బాస్' అని. అంటే ఇందులో ఒక కోత ఉంది, నవ్వుతాలు ఉంది. మలక్‌పేట రేసుల్లో టిప్పులు పంచుకునేవాళ్ళ మాటల్లో కూడా ఇదే ధోరణి, ప్రతివాడికీ లోపల ఒక మనిషి ఉంటాడు. ఈ కోత సంగతి తెలిస్తే జాతీయం ఎక్కడ పెట్టాలో దానంతటదే తెలుస్తుంది. బడాయి, సరదా, చనువు ఉన్నచోట అది ఇమిడిపోతుంది. విచారణ నివేదికలో ఇమడదు.

రూపం దగ్గర పెద్ద చిక్కేమీ లేదు, కానీ కదిపితే విరిగిపోతుంది. 'ది' ఉండాలి. 'ఫ్రమ్ హార్స్ మౌత్' అన్నా 'ఫ్రమ్ ఎ హార్సెస్ మౌత్' అన్నా నిజం గుర్రమే గుర్తొస్తుంది. చెప్పినవాళ్ళు పదిమందైనా గుర్రం ఒక్కటే, బహువచనం చేయకూడదు. 'స్ట్రెయిట్' బదులు 'రైట్' పెట్టొచ్చు, అసలు తీసేసినా పోయేదేం లేదు. ముందు వచ్చే క్రియ మాత్రం అందుకునే వైపు నుంచి ఉండాలి: నేను విన్నాను, నాకు తెలిసింది, ఇది వచ్చింది. 'హి టోల్డ్ మి ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' అనేది మనవాళ్ళ మెయిళ్ళలో బాగా కనిపించే తప్పు. చెప్పింది ఆయనే అయితే గుర్రం ఆయనే, మళ్ళీ తన నోటి నుంచి తనే తెచ్చి చెప్పడం ఏమిటి? అక్కడ 'హి టోల్డ్ మి హిమ్‌సెల్ఫ్' చాలు. లేదంటే 'ఐ హర్డ్ ఇట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' అనాలి. మన తెలుగులో 'ఆయన నోటితోనే విన్నాను' అంటాం కదా, అందులో 'ఆయన' ఉన్నచోట గుర్రాన్ని పెడితే వాక్యం సరిగ్గా వస్తుంది.

అసలు తకరారు ఎవరు గుర్రం అనే దగ్గర. నమ్మకస్తుడైన మనిషల్లా గుర్రం కాదు. సబ్‌రిజిస్ట్రార్ ఆఫీసులో పనిచేసే వాళ్ళ బావమరిది చెప్పాడంట, ఫలానా ఊళ్ళో భూముల విలువ పెంచుతున్నారని. ఆ బావమరిది ఎంత నిజాయితీపరుడైనా ఇది హార్సెస్ మౌత్ కిందకి రాదు, రేసు భాషలో గుర్రపుశాల కుర్రాడి టిప్పు అంతే. నిర్ణయం ఎవరిదో, అనుభవం ఎవరిదో, మాట ఎవరిదో వాళ్ళే గుర్రం.

మనిషే కానక్కర్లేదు, సంస్థ కూడా కావచ్చు. పది రూపాయల నాణెం గొడవ గుర్తుందా? రూపాయి గుర్తు లేనిది చెల్లదనీ, గీతలు పది కాకుండా పదిహేనుంటే దొంగదనీ ఆటోవాళ్ళ దగ్గర నుంచి కిరాణా కొట్టు దాకా పెద్ద పంచాయితీ నడిచింది, కొన్ని చోట్ల ఇప్పటికీ తీసుకోరు. 2018 జనవరిలో రిజర్వు బ్యాంకు ఒక ప్రకటన ఇచ్చింది, అప్పటిదాకా 14 డిజైన్లలో పది రూపాయల నాణేలు వచ్చాయనీ, అన్నీ చెల్లుతాయనీ. కొట్టువాడితో వాదిస్తున్నప్పుడు ఆ ప్రకటన ఫోన్లో తీసి చూపించి 'దిస్ ఈజ్ స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' అంటే జాతీయం సూటిగా తగులుతుంది. నాణెం తీసుకుంటాడా లేదా అనేది వేరే సంగతి. అదే ప్రకటన గురించి టీవీలో ఎవరో చెప్పిన ముక్క చూపిస్తే మాత్రం గుర్రం మారిపోయినట్టే.

ఇంకో మాట. గుర్రం నోటి నుంచి వచ్చింది కాబట్టి అది నిజమే అయ్యుండాలని జాతీయం చెప్పదు. మొదటి చేతి సమాచారం అని మాత్రమే చెబుతుంది. 'నేను పార్టీ మారడం లేదు' అని నాయకుడు మైకు ముందు చెప్పాడనుకోండి, అది స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్. వారం తర్వాత కండువా మారినా సరే, వాడుక తప్పు కాదు.

కండువా మాటొచ్చింది కాబట్టి మనకి రోజూ పేపర్లో కనిపించే గుర్రం మాట 'హార్స్ ట్రేడింగ్' గురించి కూడా చెప్పుకోవాలి, దానికీ ఈ పళ్ళకీ దగ్గరి చుట్టరికం ఉంది. గుర్రాల వ్యాపారులకి మోసగాళ్ళనే పేరు పాతకాలం నుంచీ ఉంది. గుర్రం ముసలిదైతే పళ్ళ మీది గుంట మాసిపోతుందని చెప్పుకున్నాం కదా, అరిగిపోయిన పంటి మీద పనిముట్టుతో కొత్త గుంట తొలిచి, కాల్చిన ఇనుముతో దానికి నలుపు పట్టించి చిన్నవయసు గుర్రంలా అమ్మేవాళ్ళు. ఇంగ్లీషులో దీనికి 'బిషపింగ్' అని పేరుండేది. అంటే పళ్ళు చూసి వయసు తెలుసుకునే కొనుగోలుదారుని ఆ పళ్ళతోనే ముంచడం. అలాంటి చోట బేరమాడాలంటే రెండువైపులా గడుసుతనం కావాలి, అమెరికాలో 'హార్స్ ట్రేడింగ్'కి గట్టి బేరం అనే అర్థం అక్కడినుంచే వచ్చింది.

మన దేశంలో ఇది ఇంకో దారి పట్టింది. మనకి హార్స్ ట్రేడింగ్ అంటే ఎమ్మెల్యేల కొనుగోలే, ఇంకో అర్థం లేదు. 1984 ఆగస్టు 16న ఎన్టీఆర్ ప్రభుత్వాన్ని గవర్నర్ రాంలాల్ తొలగించి నాదెండ్ల భాస్కరరావుని గద్దెనెక్కించినప్పుడు, ఎమ్మెల్యేలు చేజారకుండా కర్ణాటకకి తరలించి క్యాంపులు పెట్టారు, నెల తిరిగేసరికి సెప్టెంబరు 16న ఎన్టీఆర్ మళ్ళీ ముఖ్యమంత్రి అయ్యారు. క్యాంపు రాజకీయం అంటే మన పెద్దవాళ్ళకి ఇప్పటికీ ముందు గుర్తొచ్చేది ఆ నెలే. 2005లో బీహార్ అసెంబ్లీ ఒక్కసారి కూడా సమావేశం కాకుండానే రద్దయింది. గవర్నర్ బూటా సింగ్ కేంద్రానికి పంపిన నివేదికలో చూపించిన కారణాల్లో ఈ హార్స్ ట్రేడింగ్ భయమే ముఖ్యమైనది. ఆ రద్దు రాజ్యాంగవిరుద్ధమని తర్వాత సుప్రీంకోర్టు తేల్చింది. ఇలా గవర్నర్ల నివేదికల్లో, కోర్టు తీర్పుల్లో ఎక్కి కూర్చున్నాక మన ఇంగ్లీషులో ఈ మాటకి డబ్బు మూటల వాసన తప్ప వేరేది మిగల్లేదు.

అందువల్ల వచ్చే చిక్కు డాలస్‌లోనో న్యూజెర్సీలోనో పనిచేసే మనవాళ్ళకి ఎదురవుతుంది. అమెరికా పేపర్లో బడ్జెట్ బిల్లు మీద 'హార్స్ ట్రేడింగ్' జరిగిందని చదివి, అక్కడ కూడా కోట్లు చేతులు మారాయని అనుకోవడం. వాళ్ళు చెప్పేది నువ్వు నా రోడ్డుకి ఓటెయ్యి, నేను నీ ఆస్పత్రికి ఓటేస్తా లాంటి ఇచ్చిపుచ్చుకోవడాలు, తెరవెనుక బేరాలు. మెచ్చుకోలు కాదు గానీ లంచం ఆరోపణ కూడా కాదు. అదే తిప్పి, మీరు అక్కడి సహోద్యోగితో మన ఎన్నికల గురించి 'దేర్ వాజ్ ఎ లాట్ ఆఫ్ హార్స్ ట్రేడింగ్' అంటే ఆయనకి మీరు చెప్పదలుచుకున్న దాంట్లో పావు వంతే అందుతుంది. అక్కడ 'దే ట్రైడ్ టు బై లెజిస్లేటర్స్' అని విడమరిచి చెప్పేయడమే మేలు. బహువచనం లేదు దీనికి, 'హార్స్ ట్రేడింగ్స్' అనకూడదు.

పళ్ళ కుటుంబంలోదే ఇంకో చిన్న మాట, 'లాంగ్ ఇన్ ది టూత్'. గుర్రం పన్ను జీవితమంతా చిగురులోంచి కొద్దికొద్దిగా పైకి వస్తూనే ఉంటుంది, ముసలితనంలో ముందుకు వాలి పొడుగ్గా కనిపిస్తుంది. అందుకని వయసు మీరినదాన్ని అలా అంటారు. 1852లో ఇంగ్లీషు నవలాకారుడు థాకరే తన నవలలో ఒకావిడని వర్ణిస్తూ ఈ మాట వాడాడు, మర్యాదగా మాత్రం కాదు. పన్ను ఏకవచనంలోనే ఉండాలి. మన గురించి మనం అనుకోవచ్చు, 'ఐ యామ్ గెటింగ్ ఎ బిట్ లాంగ్ ఇన్ ది టూత్ ఫర్ నైట్ షిఫ్ట్స్' అని. లాప్‌టాప్ గురించో బండి గురించో అనొచ్చు. మామయ్యగారి గురించి అనకండి, ఆయనకి ఇంగ్లీషు రాదనుకుని అసలే అనకండి.

మర్యాద ప్రశ్న హార్సెస్ మౌత్ దగ్గర కూడా వస్తుంది. 'సర్, ఐ వాంటెడ్ టు హియర్ ఇట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' అని పై అధికారికి రాస్తే గుర్రం అన్నట్టు కాదా అని టెన్షన్ పడేవాళ్ళున్నారు. ఇంగ్లీషు పుట్టుకతో వచ్చినవాళ్ళకి అందులో తిట్టు వినబడదు, జాతీయం అరిగిపోయి గుర్రం మాయమైపోయింది. కానీ చదివే సార్ తెలుగాయనో తమిళాయనో అయినప్పుడు ఆ గుర్రం మళ్ళీ లేచి నిలబడే అవకాశం ఉంది. పైగా అది చనువు మాట, కొత్త పరిచయాల్లో పొసగదు. టీ తాగుతూ తోటి ఉద్యోగితో, 'హైక్స్ ఆర్ కమింగ్ ఇన్ జులై, ఐ గాట్ ఇట్ స్ట్రెయిట్ ఫ్రమ్ ది హార్సెస్ మౌత్' అనండి, హెచ్ఆర్ హెడ్ నిజంగా మీతోనే అనుంటేనే. సార్‌కి రాసే మెయిల్లో మాత్రం 'ఐ వాంటెడ్ టు హియర్ ఇట్ ఫ్రమ్ యూ డైరెక్ట్లీ' సరిపోతుంది.